దారి ఖర్చుల బావగారు

బండి తాళం తిప్పాక మా బావగారు ముందు బెల్టు పెట్టుకోరు. చొక్కా జేబులోంచి బొటనవేలంత పెన్సిలూ, అరచేతిలో పట్టే నోటుబుక్కూ తీస్తారు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, డ్యాష్‌బోర్డు మీదికి వంగి, మీటరు రీడింగు పైకి చదువుతూ రాసుకుంటారు. "నలభై ఎనిమిది వేల రెండు వందల పదహారు. ఇంటి గేటు. అయిదూ నలభై." ఆ తర్వాతే బెల్టు. ఆ తర్వాతే వినాయకుడి బొమ్మకు దండం.

విజయవాడలో ముప్పయ్యేళ్ల పైచిలుకు కరెంటు శాఖలో చేసి డీఈగా రిటైరయ్యారాయన. మూడో నెలకల్లా 'ఎలక్ట్రికల్ కన్సల్టెంట్' అని కార్డులు అచ్చువేయించారు. రైసు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు... కరెంటు బిల్లు చూసి ఛాతీ మీద చెయ్యి వేసుకున్న ఆసామి ఎవరైనా సరే ఆయనకే ఫోను చేస్తాడు. అందరి కార్డులకూ వెనకవైపు ఖాళీగా ఉంటుంది. ఈయన కార్డు వెనక 'ప్రయాణ ఖర్చుల నిబంధనలు' అని పదకొండు అంశాలు ఉంటాయి, చీమతలకాయంత అక్షరాల్లో. ముందువైపు ఫోను నంబరు ఒకటే, అది కూడా మా అక్కది. ఆయన ఫోను ఎప్పుడూ చార్జింగులోనే ఉంటుంది, కరెంటు మనిషి కదా.

శాఖ ఆయన్ని వదిలింది కానీ టీఏ బిల్లు వదల్లేదు. హెడ్‌క్వార్టర్స్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల వ్యాసార్ధం దాటితేనే ప్రయాణ భత్యం అని సర్వీసులో నేర్చుకున్నది ఇప్పటికీ ఆయనకు వేదం. ఎవరూ అడక్కపోయినా తన మీద తనే అమలు చేసుకుంటారు. ఒకసారి ఊరి శివార్లలో ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్లు పిలిచారు. వెళ్లొచ్చాక రెండు రోజులు మనిషి మనిషిలో లేడు. విషయం ఏమిటంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గరికి 7.8 కిలోమీటర్లు. జనరేటరు గది దగ్గరికి 8.1.

"పని చేసింది జనరేటరు గదిలోనే కదా బావగారూ, రాసెయ్యండి" అన్నాను.

"నువ్వు పత్రికల వాడివి, నీకేం తెలుసోయ్. అది రోడ్డు దూరం. రూలు చెప్పేది కాకి ఎగిరే దూరం" అన్నారు నీరసంగా. కాకి లెక్కన అది ఆరు కూడా లేదట. ఆ ట్రిప్పుకు దారి ఖర్చు రాసుకోలేదు.

అంత నిక్కచ్చి మనిషి ఫీజు దగ్గరికి వచ్చేసరికి నంగినంగిగా అయిపోతాడు. ఆయన్నొక్కణ్ణీ అనేం లాభం? మాట చెప్పినందుకు డబ్బు పుచ్చుకోవడం మనవాళ్లకు మహా నామోషీ. పెళ్లిపందిట్లో డాక్టరు కనిపిస్తే నాలుక చాపేస్తాం. ప్లీడరు కనిపిస్తే విస్తరి ముందే పొలంగట్టు తగాదా విప్పేస్తాం. వాళ్లూ తాంబూలం నములుతూ చెప్పేస్తారు. కన్సల్టెంటు అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ నామోషీ పోతుందా? అందుకే మా బావగారు నోటితో అడగలేని దాన్ని చక్రాలతో అడుగుతారు.

ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లారు, మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లుకి. ఇంటి నుంచి పోను నూట నలభై అయిదు కిలోమీటర్లు. పెద్ద సర్వీసులకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. పవర్ ఫ్యాక్టరు 0.8కి పడిపోయిందంటే వంద యూనిట్ల పనికి నూట ఇరవై అయిదు యూనిట్ల సొమ్ము కట్టాలి. అది పడకుండా నిలబెట్టడానికే కెపాసిటర్లు పెడతారు. ఈ మిల్లులో ఎనిమిది కెపాసిటర్లున్నాయి, ప్యానెలు మీద ఎనిమిది ఎర్ర బల్బులూ దీపావళిలా వెలుగుతున్నాయి. బిల్లు మాత్రం నెలనెలా వాచిపోతోంది. ఎలక్ట్రీషియను వచ్చి బల్బులు చూసి "అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడట. సామాన్లు అమ్మే కంపెనీ మనిషి వచ్చి అవే చూసి, ప్యానెలే మార్చాలన్నాడట.

బావగారు బల్బుల వంక చూడనైనా లేదు. సంచిలోంచి టాంగ్ టెస్టరు తీసి, పీతడెక్కలా తెరుచుకునే దాని నోరు ఒక్కో వైరుకూ తగిలిస్తూ పోయారు. ఒకటి, రెండు... నాలుగో దాని దగ్గర సున్నా. ఆరో దాని దగ్గర సున్నా. ఏడూ అంతే. ఫ్యూజులు పోయాయి. బల్బుకు వైరు ఫ్యూజుకు ముందే కలిపేశాడెవడో, కాబట్టి కెపాసిటరు చచ్చినా బల్బు వెలుగుతూనే ఉంటుంది. అంతా కలిపి ఏడు నిమిషాలు. మిల్లు ఆసామి కళ్లజోడు తుడుచుకుని బావగారి చేతులు పట్టుకున్నాడు. "ఎంత ఇమ్మంటారు సార్?"

నేను ఊపిరి బిగబట్టాను. ఆ ఆసామికి నెలనెలా పడుతున్న దెబ్బ ఎంతో పక్కనే ఉండి విన్నవాణ్ణి. బావగారు టాంగ్ టెస్టరు తుడిచి సంచిలో పెడుతూ, నేల చూపులు చూస్తూ, "ఏముంది లెండి... ఏడు నిమిషాల పని... ఒక రెండు వేలు ఇప్పించండి" అన్నారు. అని, ఒక్కసారిగా తలెత్తి, గొంతు సవరించుకుని, శ్లోకం అందుకున్నట్టు అందుకున్నారు: "దారి ఖర్చులు విడిగా. రానూ పోనూ రెండు వందల తొంభై కిలోమీటర్లు. కిలోమీటరుకు పద్నాలుగు రూపాయల అరవై పైసలు. నాలుగు వేల రెండు వందల ముప్పై నాలుగు. కీసర, చిల్లకల్లు టోలు రసీదు ప్రకారం. బేటా మూడు వందలు."

అక్కడున్న గుమస్తా కుర్రాడు. లోకం తెలియదు. "పెట్రోలు ఏడు రూపాయల చిల్లరే కదండీ పడేది, కిలోమీటరుకు?" అన్నాడు.

మా బావగారితో అనకూడని మాట ప్రపంచంలో అదొక్కటే. కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. కెపాసిటర్లకు ఏడు నిమిషాలు పడితే దీనికి నలభై పట్టింది. లీటరు నూట పది పెట్టుకో, పదిహేను కిలోమీటర్లు ఇస్తుంది, ఏడూ ముప్పై మూడు. మరి టైర్లు ఆకాశంలోంచి ఊడిపడతాయా? సర్వీసింగు వాడు మేనమామా? ఇన్సూరెన్సు? అన్నింటికీ మించి అరుగుదల! నడిపినా నడపకపోయినా బండి ఏటేటా విలువ తగ్గుతుంది, నడిపితే ఇంకా తగ్గుతుంది. ట్యాక్సీ వాడైతే నువ్వు యాభై కిలోమీటర్లు తిరిగినా రోజుకు మూడు వందల కిలోమీటర్ల కనీస చార్జీ అంటాడు, వాడినెందుకు అడగవు? గుమస్తా కుర్రాడు డబ్బు లెక్కపెట్టి ఇస్తూ, "బేటా అంటే డ్రైవరుకు కదండీ, డ్రైవరేడీ?" అని మాత్రం ఉండబట్టలేక అడిగాడు. "నేనే" అన్నారు బావగారు. ఆ మూడు వందలూ వేరే జేబులో పెట్టుకోవడం, కోదాడ దాటాక బండి ఆపి అందులోంచి డబ్బు తీసి డ్రైవరు హోదాలో మిరపకాయ బజ్జీలు తినడం నేను కళ్లారా చూశాను. నాకు పెట్టలేదు. నేను ఓనరు తరఫు చుట్టాన్నట.

ఇంతకీ పైసా ఎక్కువ తీసుకునే మనిషి కాడు. ఇరవై నాలుగు గంటల్లోపు తిరిగొస్తే టోలులో రాయితీ ఉంటుంది. ఆ రాయితీ పార్టీకే చెందాలని, పార్టీ వాళ్లు భోజనానికి ఉండమన్నా, రాత్రికి పడుకోమన్నా వినకుండా పరిగెత్తుకొస్తారు. ఫాస్టాగ్ మెసేజీలు తేదీల వారీగా దాచుకుంటారు. మిల్లు వాళ్లు డిక్కీలో సాంబ మసూరి బస్తాలు వేస్తే వద్దనరు (ఫీజు తక్కువైందని వాళ్లకూ తెలుసు), కానీ తిరుగుదారిలో బరువు మన సొంతానిది కనుక మైలేజీ తగ్గిన మేరకు లీటరున్నర పెట్రోలు తన ఖాతాలో రాసుకుంటారు. ఆ బియ్యం ఇంటికి చేరేసరికి కిలో ఎంత పడిందో మా అక్కకు లెక్క చెప్పి మరీ వండిస్తారు.

ఒకే రోజు మూడు మిల్లులు చూసినప్పుడు వస్తుంది అసలు తిప్పలు. దారి ఖర్చు ముగ్గురికీ సమానంగా పంచితే దగ్గర వాడికి అన్యాయం. దూరాన్ని బట్టి పంచితే చివరి వాడికి మంట. ఈయన కోదాడ దాకా ముగ్గురికీ, అక్కణ్ణించి ఇద్దరికీ, ఆ పైన ఒక్కడికీ అని పైసలతో సహా తేల్చి మూడు బిల్లులు పంపారు. ముగ్గురూ బియ్యం వ్యాపారులే. సాయంత్రం ఒకచోట కూర్చుని బిల్లులు పక్కపక్కన పెట్టుకున్నారు. "నాకంత, వాడికింతేమిటి సార్?" అని ఫోను. బావగారు తెల్లకాగితం మీద రోడ్డు మ్యాపు గీసి, రంగుపెన్సిళ్లు దిద్ది, కొరియర్లో పంపారు. కొరియరు ఖర్చు ఎవరి పద్దులో వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు.

పార్టీలూ తక్కువ వాళ్లేం కాదు. "ఈసారి ఇటువైపు వచ్చినప్పుడు ఒక్కసారి తొంగిచూసి వెళ్లండి సార్" అంటారు. తెలుగునాట ఇంతకన్నా తియ్యగా డబ్బు ఎగ్గొట్టే మాట ఇంకోటి పుట్టలేదు. "నేను ఏ వైపూ ఊరికే రానండీ" అంటారు బావగారు. నిజమే కానీ, నరసరావుపేటలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి వెళ్తూ దారిలో ఒక స్పిన్నింగు మిల్లులో దిగారు. మా అక్క పట్టుచీరతో గంటన్నర కారులో కూర్చుంది. బిల్లు చూస్తే, మెయిన్ రోడ్డు నుంచి మిల్లు దాకా రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు, యాభై ఎనిమిది రూపాయల నలభై పైసలు. "మిగతాది పెళ్లి ప్రయాణం కదే, వాళ్ల దగ్గరెలా తీసుకుంటాం?" అంటే, మా అక్క, "నా గంటన్నరకు కిలోమీటరుకెంతండీ?" అంది. ఆ అంశం కార్డు మీద లేదు.

ఇంకొక పెద్ద పరిశ్రమలో అకౌంట్సు వాళ్లు ఫీజూ దారి ఖర్చూ కలిపి ఒకే బిల్లుగా చూసి, మొత్తం మీద పది శాతం టీడీఎస్ పట్టుకున్నారు. టోలుగేటు వాడికి కట్టిన డబ్బు నా ఆదాయం ఎలా అవుతుందని బావగారు వారం రోజులు అన్నం సయించక తిరిగారు. అప్పట్నుంచి రెండు బిల్లు పుస్తకాలు. ఫీజుల పుస్తకం మొదటిది ఇంకా సగం కూడా కాలేదు. దారి ఖర్చులది అయిదో పుస్తకం నడుస్తోంది.

2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పెట్టారు. రైసు మిల్లులు ఆగవు కదా. వాట్సాప్ వీడియోలో ప్యానెలు బోర్డులు మా అక్కావాళ్ల హాల్లోకి వచ్చేశాయి. బావగారు లుంగీ మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునేవారు. "ఫోను ఇంకాస్త ఎడమకు తిప్పు బాబూ. ఆ డబ్బా వేడిగా ఉందేమో చూ... ఒరేయ్, చెయ్యి పెట్టకు! చెయ్యి తీ!" ఆ కేకకు పక్క ఫ్లాటు వాళ్లు కూడా చేతులు తీసేవారు. ఒక కోల్డ్ స్టోరేజీలో ట్రాన్స్‌ఫార్మరు మోత ఫోన్లో విని, "బోల్టు వదులైంది, ఇవాళే షట్‌డౌన్ తీసుకో" అని చెప్పి, వేల టిక్కీల మిర్చి కాపాడారు. "ఫీజెంత పంపమంటారు సార్?" అంటే, ఆయన నోటుబుక్కు తీసి, రీడింగు గడి వంక చూసి, పెన్సిలు మూసిన పెదవుల మీద ఆడించి, "ఎక్కడికీ రాలేదుగా నాయనా" అనేవారు. అలా ఏడాదిన్నర. ఊళ్లూ జిల్లాలూ దాటి ఆయన మాట పనిచేసింది. కారు మీటరు మాత్రం నలభై కిలోమీటర్లు కదిలింది, అవి కూడా బ్యాటరీ దిగిపోకుండా సందు చుట్టూ తిప్పినవి.

మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక కొత్త పార్టీ తగిలింది. పాత మిల్లు ఆసామి కొడుకు, హైదరాబాదులో చదువుకుని వచ్చాడు. తెల్లవారుజామునే వాళ్ల కారు ఇంటి ముందుకొచ్చింది. డ్రైవరు వాళ్లవాడే. దారిలో ఇడ్లీ వాడే తినిపించాడు, టోలు వాడి ట్యాగులోంచే పోయింది. మధ్యాహ్నం మిల్లులోనే భోజనం. పని ముగిశాక కుర్రాడు వినయంగా, "సార్, ప్రయాణం సంగతి మీకు లేకుండా చేశాను. మీ ఫీజు ఒక్కటీ చెప్పండి, ఇప్పుడే ఫోనులో పంపిస్తాను" అన్నాడట.

బావగారు ఇంటికెళ్లి చెప్తానన్నారట. తిరుగుదారిలో చిల్లకల్లు దాకా నోరు విప్పలేదని ఆ డ్రైవరే అక్కతో చెప్పి వెళ్లాడు.

రాత్రి పదిన్నరకు నాకు ఫోను వచ్చింది.

"ఏమోయ్, పడుకున్నావా? చిన్న సందేహం. కారు వాళ్లదే అనుకో. కానీ మా వాకిలి నుంచి ఆ కారు దాకా నేనే నడిచాను కదా?"

"నడిచారు బావగారూ."

"ఎంత దూరం ఉంటుందంటావు?"

నేను జవాబు చెప్పేలోగానే వెనక నుంచి మా అక్క గొంతు వినబడింది, టేపు చుట్టుకుంటున్న చప్పుడుతో సహా: "పద్దెనిమిది అడుగులండీ. మెట్లు కూడా కలుపుకుంటారా?"