కుర్చీలు 26... హోదాలు ఎన్నైనా!

మంత్రుల సంఖ్య శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదని 2003లో 91వ రాజ్యాంగ సవరణ గీత గీసింది. 175 మంది ఎమ్మెల్యేలున్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క ముఖ్యమంత్రితో కలిపి 26 దగ్గర ఆగుతుంది. లెక్క ఆగింది సరే, అలకలు ఆగుతాయా? అందుకే గీత పక్కనే ఓ సందు తీశారు. సలహాదారులు, కార్పొరేషన్ చైర్మన్లు, ప్రత్యేక ప్రతినిధులు! వీళ్లలో అదృష్టవంతులకు మంత్రి పదవి బదులు 'క్యాబినెట్ హోదా' దక్కుతుంది. కారు వస్తుంది, సిబ్బంది వస్తారు, జీతభత్యాలు వస్తాయి. అసెంబ్లీలో లేచి జవాబు చెప్పాల్సిన పీడ ఒక్కటే రాదు. ఏ సర్వీస్ కమిషన్ పరీక్ష రాస్తే వస్తుందండీ ఇంత మంచి ఉద్యోగం?

ఇక ఉప ముఖ్యమంత్రులు. రాజ్యాంగం 164వ అధికరణను భూతద్దంతో వెదికినా ఆ పదవి కనపడదు. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒకేసారి ఐదుగురు కొలువుదీరారు. అది ఉత్త పేరే కాబట్టి తప్పేమీ లేదని 2024లో సుప్రీంకోర్టు ఓ వ్యాజ్యాన్ని కొట్టేసింది కూడా. ఉత్త పేరేనట! ఆ రెండక్షరాల 'ఉప' కోసం ఎన్ని జిల్లాల్లో ఎన్ని కులాల లెక్కలు తీస్తారో పార్టీ ఆఫీసుల్ని అడగండి.

ఇంతా చేసి జీవో వచ్చేది గవర్నర్ పేరిట, కింద సంతకం కార్యదర్శిది. ఈసారి ఎవరికైనా 'హోదా' ఇస్తూ జీవో వస్తే పేరు దగ్గరే ఆగిపోకండి. జీతభత్యాల పేరా కూడా చదవండి. ఆ డబ్బు మనదే.