ముందు తలుపు పక్క సీటు

నేను హైదరాబాదు సిటీ బస్సులో ఆడవాళ్ల సీటును. ఇనుప గొట్టాల చట్రం, పైన స్పాంజి, రెగ్జిన్ తొడుగు, ఇంతే నా ఒళ్లు. పటాన్‌చెరు నుంచి కోఠికి తిరిగే 218లో, ముందు తలుపు పక్కన నా చోటు.

ఆడమనిషి వయసులన్నీ ఈ దారిలోనే కనిపిస్తాయి. కోఠిలో ఆడపిల్లల పెద్ద కాలేజీ ఉంది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం. పక్కనే సుల్తాన్ బజార్‌లో ప్రసూతి ఆసుపత్రి. కాస్త అవతల చెవి, ముక్కు, గొంతు చూసే సర్కారు దవాఖానా.

కాలేజీ పిల్ల ఎక్కితే బస్సంతా మర్యాదే. "కూర్చోండి మేడమ్" అంటూ లేచినవాడు దూరంగా పోడు. రాడ్ పట్టుకుని అక్కడే వంగి నిలబడతాడు. ఆ పిల్ల కూర్చుంటూనే బ్యాగు ఒళ్లో అడ్డం పెట్టుకుంటుంది.

నిండు చూలాలు ఎక్కితే మాత్రం ఏ లెక్కా చూసుకోకుండా లేస్తారు. "జర చోటియ్యిండ్రి" అని వెనక నుంచి ఒక కేక. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆమె సంచి అందుకుంటారు. ఆమే ఏడాది తిరిగాక చంకలో బిడ్డతో ఎక్కితే లేచేవాళ్లు తగ్గుతారు. బిడ్డకు నడక వచ్చాక ఇక ఎవరూ కదలరు.

నలభై దాటిన మనిషిది అన్నిటికన్నా కష్టం. నాలుగిళ్లలో అంట్లు తోమి వస్తుంది, మోకాళ్లు అప్పుడే మొరాయిస్తుంటాయి. చూసేవాళ్లకు ఆమె మీద మోజూ లేదు, జాలీ లేదు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఇంకో మాట పుట్టింది: "ఫ్రీగనే పోతున్నరు గదా, నిలబడితే ఏమైతది?" జీరో టికెట్టు కూడా లెక్కలోకి వచ్చే టికెట్టే, ఆ చార్జీ ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి. పథకం ఏ ఆడమనిషి వయసూ అడగదు. పక్కన నిలబడ్డవాళ్లే అడుగుతారు.

ముసలమ్మను "రా పెద్దమ్మా, కూసో" అని చెయ్యి పట్టి మరీ కూర్చోబెడతారు. అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత "యాడ దిగుతది?" అని ఆమె కూతుర్ని అడుగుతారు. దవాఖానాకు వెళ్తున్న ఒకావిడ ఊరుకోలేదు. "చెవులు పోయినయ్ గని నోరు పోలే బిడ్డా, నన్నే అడుగు" అంది. అడిగినాయన ఈసారి ఆమె వైపు తిరిగి, నిదానంగా అడిగాడు. ఆమెకు వినపడింది.

మా బస్సుకు అప్పుడప్పుడు వచ్చే ఒక కండక్టరమ్మంటే నాకు ఇష్టం. పదహారేళ్ల పిల్లనైనా డెబ్బయ్యేళ్ల అవ్వనైనా "ఎక్కడికమ్మా?" అని ఒకే గొంతుతో అడుగుతుంది. ఎవరి మీదా తేనె పోయదు, ఎవరినీ కసరదు.

స్త్రీలను గౌరవించాలనీ, వాళ్ల సీట్లలో వాళ్లనే కూర్చోనివ్వాలనీ నా పైన పెయింటుతో రాసి ఉంది. దానికి వీపు ఆనించి పేపరు చివరిదాకా చదివే మగవాళ్లనూ మోశాను. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు, గట్టిగా అడిగితే లేస్తారు. నా పేచీ ఇంకొందరితో. వెనక ఖాళీ సీట్లో కూలబడ్డ నలభై అయిదేళ్లావిడకు ఈ రాతే చూపించి, "మీ సీట్లు ముందున్నయ్, ఆడికి పోండ్రి" అంటారు. ఆడవాళ్లకు కాస్త చోటు దొరకాలని నన్ను పెట్టారు. వీళ్లు నన్ను హద్దురాయిని చేశారు.