గుండ్రటి మూలల పంచాయితీ

మా బడిలో రాతిపలకల చెక్కచట్రానికి నాలుగు మూలలూ గుండ్రంగా, నున్నగా ఉండేవి. పక్కవాడి నెత్తిన వేస్తే బొప్పి కట్టేదే తప్ప నెత్తురు కారేది కాదు. ఆ వడ్రంగి ఎవరో గాని, పేటెంటు తీసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు పాపం.

యాపిల్‌కు పుట్టింది. 2011 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కోర్టుకెక్కి, శాంసంగ్ మా ఐఫోన్‌ని దించేసిందని దావా వేసింది. గుండ్రటి మూలలు, వరసగా పేర్చిన బొమ్మలు, జాబితా అడుగుకు చేరగానే రబ్బరులా వెనక్కి ఎగరడం... అన్నీ మావేనంది. టాబ్లెట్ సంగతి వచ్చేసరికి శాంసంగ్ ఏకంగా సినిమానే సాక్ష్యానికి పిలిచింది. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో వ్యోమగాములు భోంచేస్తూ పలకల్లాంటి తెరలు చూస్తారు కదా, ఇందులో మీరు కనిపెట్టిందేమిటని వాదించింది.

టాబ్లెట్ల మీద లండన్‌లోనూ ఇదే పంచాయితీ నడిచింది. అక్కడి జడ్జి 2012 జూలైలో శాంసంగ్‌నే గెలిపించాడు. ఎందుకనుకున్నారు? దాని టాబ్లెట్లు యాపిల్ వాటంత ముచ్చటగా లేవట, కాబట్టి కాపీ కాదట! వాడికి తొంభై, మావాడికి ముప్ఫై వచ్చాయి, ఇక చూసి రాసిందెక్కడండీ అన్నట్టు. అలాంటి గెలుపుకు మిఠాయిలు పంచాలో, ముఖం దాచుకోవాలో!

మరుసటి నెలలోనే అమెరికా జ్యూరీ దాదాపు 105 కోట్ల డాలర్లు కట్టమంది. ఇంత లెక్క ఎక్కడిదంటే, తివాచీల దగ్గర్నుంచి. నిజమే. 19వ శతాబ్దంలో తివాచీ డిజైను దొంగిలించినవాడికి అక్కడి సుప్రీంకోర్టు 6 సెంట్ల జరిమానా వేసింది. నేతమిల్లుల వాళ్లు గగ్గోలు పెడితే, డిజైను ఎత్తుకుపోయినవాడు సరుకు మీద లాభమంతా కక్కాలని 1887లో చట్టం చేశారు. తివాచీని జనం డిజైను చూసే కొంటారు, సరే. ఫోన్‌ని మూలలు చూసి కొంటారా? చిప్పు, బ్యాటరీ, కెమెరా ఏమైపోవాలి?

శాంసంగ్ అదే అడిగింది. డిజైను పద్దు కిందున్న 39.9 కోట్లను తగ్గించమని సుప్రీంకోర్టు దాకా పోయింది. లాభాన్ని మొత్తం ఫోన్ మీదే లెక్కించాలని లేదు, ఒక భాగం మీదైనా లెక్కించవచ్చని 2016 డిసెంబరులో ఎనిమిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద చెప్పారు. ఇక తగ్గుతుందనుకుంటుండగా, 2018లో కొత్త జ్యూరీ కూర్చుని ఆ పద్దు కిందే 53.3 కోట్లు వేసింది. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. మరుసటి నెలలో ఇద్దరూ రాజీపడ్డారు. ఎంతకో బయటికి చెప్పలేదు. ప్లీడర్ల బిల్లులు మాత్రం ఏడేళ్లూ నడిచాయి.

ఈ ఏడేళ్లలో వీళ్లు ముఖాలు చూసుకోలేదనుకునేరు! పొద్దున కోర్టులో దొంగ అని తిట్టిన కంపెనీకే సాయంత్రం చిప్పులకు ఆర్డరు పంపింది యాపిల్. పెళ్లిపందిట్లో కొట్టుకుని ఒకే బంతిలో కూర్చునే వియ్యంకులు వీళ్ల దగ్గర నేర్చుకోవాలి. 2017లో, కేసు ఇంకా నలుగుతుండగానే, యాపిల్ ఐఫోన్ టెన్ తెచ్చింది. అంచులదాకా తెర, ఆ తెరకు నాలుగు మూలలూ గుండ్రంగా. ఆ తెర చేసిచ్చింది శాంసంగే.