గులాబీ కాపీ ఏదీ?

స్టోర్స్ పెద్దాయన కొత్త తెరను పైనుంచి కిందికి చూసి, కళ్లజోడు తీసి, "అంతా బాగానే ఉంది గానీ బాబూ, గులాబీ కాపీ ఏదీ?" అన్నారు.

కొనుగోళ్లు, స్టోర్స్, లెక్కలు అన్నీ నడిపే జర్మనీ సాఫ్ట్‌వేర్ శాప్‌ను కంపెనీ కోట్లు పోసి కొన్న రోజులవి. శాప్ అనకూడదు, ఎస్‌ఏపీ అనాలని అమీర్‌పేట కోచింగ్‌లో మొదటి రోజే చెప్పారు. ఎందుకో ఈ ప్రాజెక్టులో చేరాక అర్థమైంది.

గేట్ పాస్‌కి మూడు కాపీలు. తెల్లది పార్టీకి, పసుపుది వాచ్‌మన్‌కి, గులాబీది ఆడిట్ సెక్షన్‌కి. ఆ సెక్షన్‌ని ఎత్తేసి ఏళ్లయింది. అయినా కాపీ ఆగలేదు. ఆ గదిలో ఓ ఊచ ఉంది, దానికి గుచ్చుతారు. ఊచ నిండితే గోనెసంచిలో వేస్తారు. సంచి నిండితే ఇంకో సంచి.

"దీన్నెవరు చదువుతారండీ?" అని కన్సల్టెంటు మర్యాదగానే అడిగాడు. గదిలో ఉన్నవాళ్లంతా అతన్ని పెళ్లిలో తాళి ఎందుకని అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు. రోజు లెక్కన బిల్లు వేసే మనిషి, రెండోసారి అడగలేదు. "మీ ప్రాసెస్ యునీక్ సార్" అని రాసేసుకున్నాడు.

ప్రోగ్రాం నేనే రాశాను. శాప్‌లో కంపెనీలు సొంతంగా రాసుకునే ప్రోగ్రాముల పేర్లు జడ్‌తోనో వైతోనో మొదలవ్వాలి. అక్షరమాల చివర కూర్చోబెట్టడంలోనే జర్మన్ల అభిప్రాయం తెలుస్తోంది. స్టోర్స్‌లోని ప్రింటరేమో నలుపు తెలుపుది. అందుకని కాగితం నెత్తిన పెద్దక్షరాలతో 'గులాబీ' అని వచ్చేట్టు చేశాను. పెద్దాయన చదివి, తృప్తిగా సంతకం పెట్టారు.

ఆ తర్వాత ఎండీగారి బామ్మర్ది వంతు. అయిదు వేలు దాటిన ప్రతి కొనుగోలూ తన కళ్లముందు నుంచి వెళ్లాలన్నారు. ఆయన కోసం అప్రూవల్‌లో ఇంకో మెట్టు కట్టాం. ఆయన కంప్యూటర్ ముట్టుకోరు కాబట్టి ఆ మెట్టు రోజూ ఎక్కేది పీఏ. పాస్‌వర్డ్ కీబోర్డు కింద అంటించి ఉండేది.

జీఎస్టీ, టీడీఎస్ సంగతి వేరు. చట్టం అడిగితే మార్చుకోవాల్సిందే. మిగతా జడ్‌లలో చాలావాటిని కొంచెం గోకితే ఎవరిదో ఒకరి కుర్చీ కనబడేది. "మా వ్యాపారం అందరిలాంటిది కాదు" అన్న ప్రతివాడూ తన ప్రమేయం లేకుండా ఫైలు కదలకూడదనే చెబుతున్నాడు.

మనవాళ్లే ఇంత అనుకుని సిగ్గుపడేవాణ్ణి. లిడిల్ కథ విన్నాక ప్రాణం లేచొచ్చింది. జర్మనీ సూపర్‌మార్కెట్ దిగ్గజం. శాప్ పుట్టిన రాష్ట్రంలోనే దాని ప్రధాన కార్యాలయమూ ఉంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటే ఇదే. సరుకు విలువను అమ్మే ధర మీద కట్టడం ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి, కొన్న ధర మీద కట్టడం లిడిల్ అలవాటు. అలవాటు మార్చుకోమన్నారు, సాఫ్ట్‌వేరే మారాలంది. 2011లో మొదలెట్టి, కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి, 2018లో మొత్తం అవతల పారేసింది. ఖర్చు దాదాపు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. మా గులాబీ కాపీ వాళ్లకు తెలిస్తే జాలిపడి కౌగిలించుకునేవారు.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ ఇంకాస్త తెలివైనది. శాప్ లాంటిదే అయిన ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టే వాడతామని మొదలెట్టింది. తీరా 2022 ఏప్రిల్‌లో తెరిచేసరికి బోలెడు సొంత మార్పులు. బ్యాంకు లెక్క సరిచూసే ఏర్పాటే తలకిందులైంది. మార్పుల్లేని ఒరాకిల్‌ను మళ్లీ కొత్తగా పెట్టుకోవాలని తర్వాత తీర్మానించుకున్నారు.

ఇప్పుడు మా వంతు వచ్చింది. పాత శాప్‌కు మామూలు మద్దతు 2027 చివరితో ఆగిపోతుంది, కొత్తదానికి మారాలి. అప్పట్లో జడ్‌లు రాసిపెట్టినవాళ్లే ఇప్పుడు 'క్లీన్ కోర్', అంటే సొంత మార్పులు అంటని సాఫ్ట్‌వేర్ అని, వాటిని పీకడానికి కొటేషన్ తెచ్చారు. ముడి వేసిన చేతికే విప్పే కూలీ.

మొన్న మొదటి మీటింగులో ఎండీగారు బల్ల గుద్ది, ఈసారి ఒక్క జడ్ కూడా ఉండకూడదన్నారు. తప్పనిసరైతే మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలట, కమిటీ పరిశీలిస్తుందట. కమిటీకి అధ్యక్షుడు బామ్మర్దిగారు. పెద్దాయన రిటైరయ్యారు, ఆయన కుర్చీలో కూర్చున్న అబ్బాయి చెయ్యెత్తి, ఆ దరఖాస్తు ఎన్ని కాపీలండీ అని అడిగాడు.

మూడన్నారు. అలాంటి ఫారం కొత్త సాఫ్ట్‌వేర్‌లో లేదట. నన్ను రాయమన్నారు.