ఎస్-1 ఎక్కడిది?

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో సీటొచ్చిందనగానే మా పెదనాన్న అడిగిన మొదటి మాట, "ఏమ్మా, కెమిస్ట్రీలో రాలేదా?" రెండో మాట, "అంటే మొక్కలు నాటే కోర్సా?" మొదటిదానికి నేను జవాబు చెప్పలేదు, పరువు పోతుంది. రెండోదానికి ఏడాది గడిచాక చెబుతున్నాను. నాటాం పెదనాన్నా. జూన్ 5న ఒక్క కానుగ మొక్కని పదకొండు మంది పెద్దమనుషులు పట్టుకుని మరీ నాటారు. మొక్క జానెడు, ఫ్లెక్సీ ఇరవై అడుగులు. ఫ్లెక్సీ మీద ‘ప్లాస్టిక్‌ని తరిమేద్దాం’ అని రాసుంది. గొయ్యి తవ్వే పని కూడా పడలేదు. నిరుటి గొయ్యి అలాగే ఉంది, నిరుటి మొక్కే లేదు.

ఈ దేశంలో పర్యావరణానికి చదువు తక్కువైందని మాత్రం ఎవరూ అనడానికి లేదు. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఈ పాఠం అందరికీ చెప్పి తీరాలంది. యూజీసీ ఆరు నెలల కోర్సు తయారు చేయించింది. డిగ్రీలో అది మాకూ ఉండేది. చెప్పింది కామర్స్ సారు, ఎందుకంటే టైంటేబుల్లో ఆ గంట ఖాళీ ఉన్నది ఆయనకే. ఓజోన్ పొరకి చిల్లెందుకు పడిందని అడిగితే "పరీక్షకి రాదులే" అన్నారు. నిజమే, రాలేదు. అందరం పాసయ్యాం. రేపు చెరువు శిఖంలో లేఅవుట్ గీయబోయే ఇంజనీరూ పాసే, దాని మీద సంతకం పెట్టబోయే ఆఫీసరూ పాసే.

ఇక ఎమ్మెస్సీ. 1974లో నీటి చట్టం, 1981లో గాలి చట్టం, 1984 డిసెంబరులో భోపాల్, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. సెక్షన్లతో సహా బట్టీ పట్టాం. మేడం బాగానే చెప్పేవారు, అబద్ధమెందుకు. కాకపోతే ఆ చట్టాల్లో ఒక్కటీ మా ల్యాబ్ కిటికీ దాటి బయటికి తొంగి చూసేది కాదు. కిటికీ అవతల ఉన్నది హాస్టళ్ల మురుగంతా మోసుకుపోయే కాలువ.

నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ప్రాక్టికల్ వచ్చింది. ఎవరికి వాళ్లు శాంపిల్ తెచ్చుకోవాలి. తెలివైనవాళ్లు కుళాయి దగ్గర పట్టుకొచ్చారు. నేను కాలువ దగ్గరికెళ్లాను. "చేతులకి గ్లవ్స్ లేకుండా ముంచావా తల్లీ?" అని ల్యాబ్ అటెండర్ అన్న సబ్బు తెచ్చిచ్చాడు. యూనివర్సిటీ మొత్తంలో ఆ నీటి నాణ్యత గురించి నిజం మాట్లాడింది ఆయనొక్కడే.

సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, తర్వాత ఆల్కలీ అయొడైడ్ అజైడు వేసి, మూత బిగించి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. నా సీసాలో పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. తెలుపంటే సున్నా. "రీజెంటు పాతదేమో" అన్నారు సారు. కొత్తది కలిపాం. కుళాయి నీళ్లు చక్కగా గోధుమరంగుకి తిరిగాయి. కాలువ నీళ్లు మళ్లీ తెలుపే.

రికార్డులో ‘హాస్టల్ కాలువ, సున్నా’ అని రాసుకెళ్లాను. సారు కళ్లజోడు తీశారు.

"సైటు పేరెందుకమ్మా? ఎస్-1 అని రాయి. సున్నా ఏంటి, సున్నా? సీనియర్ల రికార్డు చూడు."

చూశాను. మూడు బ్యాచ్‌ల రికార్డుల్లోనూ ఎస్-1కి 6.2. చేప బతకాలంటే లీటరుకి 4 మిల్లీగ్రాములుంటే చాలంటారు. లెక్క ప్రకారం మా కాలువలో చేపలు బతకడమే కాదు, పిల్లల్ని కూడా కనాలి. పై నెలలో యూనివర్సిటీకి గ్రేడు వేసే న్యాక్ వాళ్లు వస్తున్నారనీ, గ్రీన్ ఆడిట్ ఫైల్లో ఆ కాలువ ‘జలవనరులు’ కింద ఉందనీ తర్వాత తెలిసింది. ఎంత గొప్ప వనరో నా చేతికి తెలుసు. రెండ్రోజులు దురద తగ్గలేదు.

రెండో సెమిస్టర్లో పటాన్‌చెరు మీద సెమినార్ ఇచ్చాను. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చేశారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. హాలంతా అయ్యయ్యో అంది. అదే శాంపిల్ మా ల్యాబ్‌కి వచ్చుంటే ఎస్-1 అయ్యుండేది, అందరం చప్పట్లు కొట్టి సమోసాలు తినేవాళ్లం.

ఈ విద్య వృథా పోదని కూడా ఆ ఏడే తెలిసింది. రత్నగిరి దగ్గర బాక్సైట్ గని కోసం తయారైన పర్యావరణ ప్రభావ నివేదికలో రష్యా గని నివేదిక నుంచి పేరాలు ఎత్తుకొచ్చి పెట్టారు. మామిడితోటల కొంకణంలో మంచుదేశపు స్ప్రూస్, బర్చ్ అడవులు రాత్రికి రాత్రి మొలిచాయి. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అప్పటికే నా రికార్డులో 6.2 ఉంది, నా చేతిరాతతోనే.

ఏడాది చివర వైవాకి వేరే యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చారు. రికార్డు తిరగేసి, "ఎస్-1 ఎక్కడిదమ్మా?" అన్నారు. సారు నావైపు చూశారు. "మంచినీటి వనరు సార్" అన్నాను.

"బాగుంది, 6.2. ఆరోగ్యకరమైన వనరు." యాభైకి నలభై ఎనిమిది వేసి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా."