ఆరువేలకు ఒకటి తక్కువ

తార్నాక చుట్టుపక్కల సైన్సుకు కొదవ లేదు. ఐఐసీటీ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ ఉంది, కాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ. దాని ఖగోళ శాఖకు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు కూడా ఉంది. ఇంత సైన్సు మధ్య సైన్స్ ఫిక్షన్ అభిమాని మాత్రం ఒంటరివాడు. హాస్టల్ గదిలో తక్కినవాళ్లు గ్రూప్-1 సిలబస్ బట్టీ పడుతుంటే అతగాడు అసిమోవ్ నవల పట్టుకుని కూర్చుంటాడు. "ఇది ఏ పేపర్ల వస్తది అన్నా?" అని అడుగుతారు. ఎందులోనూ రాదంటే జాలిపడి చాయ్ ఇప్పిస్తారు.

2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలవడంతో అతగాడి దశ తిరిగింది. రాత్రికి రాత్రే హాస్టలంతా సైన్స్ ఫిక్షన్ అభిమానులైపోయారు. నిజానికి వాళ్లు అభిమానించింది ప్రభాస్‌ని. సైన్స్ ఫిక్షన్ టికెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది.

సినిమా చూసొచ్చిన బృందం తార్నాకలో చాయ్ బండి దగ్గర చేరింది. పేరులో ఆ 2898 ఏమిటని ఒకడికి అనుమానం. శ్రీకృష్ణ నిర్యాణం క్రీస్తు పూర్వం 3102లో, అక్కణ్ణించి ఆరువేల ఏళ్లు. దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పిన లెక్క ఇదే. మనవాడు జేబులోంచి పెన్ను తీసి ఉస్మానియా బిస్కెట్ల కవరు మీద కూడికలు మొదలుపెట్టాడు.

"తప్పు మామా! సున్నా సంవత్సరం అనేది లేదు. క్రీస్తు పూర్వం 1 అయిపోంగనే క్రీస్తు శకం 1. కూడితే 5,999 ఏండ్లే అయితయ్."

"ఒక్క ఏడాదికి గింత లొల్లా? అమితాబ్ అశ్వత్థామ అయితే నమ్మినవ్, గిది నమ్మవా?"

"అది కథ. ఇది లెక్క."

పక్కన నిలబడి చాయ్ తాగుతున్న పెద్దాయన ఇక ఆగలేకపోయాడు. "బాబూ, ఇంట్లో పంచాంగం లేదా? 2898 ఉగాదికి గడిచిన కలి సంవత్సరాలు 5,999. నడిచేది ఆరువేలో ఏడు. ఇద్దరూ కరెక్టే." లొల్లి చప్పున చల్లారింది. లెక్క తేలిందన్న సంతోషం ఒక్కడి ముఖంలోనూ లేదు. ఇంకో చాయ్‌కి సరిపడా తగువు చేజారిపోయిందని అందరికీ దిగులు.

ఈ తగవులమారితనం తార్నాక సొత్తేం కాదు. 1939 జులైలో న్యూయార్కులో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. వచ్చింది సుమారు రెండు వందల మంది. అందులోనే నిర్వాహకులకూ, ఫ్యూచరియన్స్ అనే బృందానికీ చెడింది. ఆరుగురిని గుమ్మం దగ్గరే ఆపేశారు. అదే బృందంలోని అసిమోవ్ మాత్రం లోపలికి చేరిపోయాడు. గ్రహాంతరవాసులతో స్నేహం గురించి రాసేవాళ్లు పెళ్లివారి విడిదిలోలా అలిగి కూర్చున్నారు. ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ రేపటి కాలపు దుస్తుల్లో వచ్చారు, కుట్టింది డగ్లసే. నేటి కాస్‌ప్లేకు మొదలు అదేనంటారు. 

అభిమానం ఎంత దూరం పోతుందంటే, 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 3,90,000 మంది మతం అన్న చోట 'స్టార్ వార్స్' వీరుల పేరిట 'జెడై' అని రాశారు. మన అభిమాని అంత దూరం పోడు. ఆ గడిలో హీరో పేరు రాసే వీలుంటే మాత్రం ఏం చేస్తాడో చెప్పలేం.

హీరో తోడు రాకపోతే తెలుగువాడు కాలయంత్రానికి తలుపు తియ్యడు. ఈ కిటుకు సింగీతం శ్రీనివాసరావుకు బాగా తెలుసు. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినాయన. శశిరేఖ పెట్టె తెరిస్తే అభిమన్యుడు కనబడిన సినిమా అది. 1991లో హెచ్.జి.వెల్స్ స్ఫూర్తితో 'ఆదిత్య 369' తీసినప్పుడు బాలకృష్ణను యంత్రమెక్కించి ముందుగా శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పంపారు. రాయల వేషమూ బాలకృష్ణదే. ప్రేక్షకుడు బాగా కుదురుకున్నాక 2504వ సంవత్సరానికి తీసుకెళ్లారు. 'కల్కి'కి మార్గదర్శిగా పిలిచిందీ ఆయన్నే. 2025 ఏప్రిల్లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లకొస్తే, అది మొదట విడుదలైనప్పటికి పుట్టనివాళ్లు కూడా ఈలలు వేశారు.

సినిమాకు ఇంత సందడి ఉంది, పుస్తకానికే దిక్కు లేదు. యండమూరి 'చీకట్లో సూర్యుడు' రాశారు. వేమూరి వేంకటేశ్వరరావు అమెరికాలో ఉంటూ తెలుగులో సైన్స్ కథలు రాశారు. ఇలాంటి పేర్లు ఇంకొన్ని చెప్పేసరికి మన అభిమాని చేతి వేళ్లు మిగిలిపోతాయి. తగువుకు మనుషులు సిద్ధంగా ఉన్నారు, తగువు పడటానికి నవలలే చాలడం లేదు. హబ్సిగూడ ప్రయోగశాలల్లో పనిచేసేవారూ, చేసి రిటైరైనవారూ ఎవరైనా ఈ వ్యాసం చదువుతుంటే ఒక్క మనవి: తెలుగులో ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాయండి. తప్పులుంటాయేమోనన్న బెంగ వద్దు, తార్నాకలో దిద్దేవాళ్లు చాలామందే ఉన్నారు.