పొమ్మనలేక కాదు, పొమ్మంటే లెక్క తేలుతుందని!

పొమ్మనలేక పొగబెట్టారన్న సామెత కట్టినవాడు మహా మొహమాటస్థుడు. వచ్చిన చుట్టం నెల దాటినా కదలకపోతే మొహం మీద చెప్పలేక, పొయ్యిలోకి పచ్చికట్టెలు ఎగదోసి ఉంటాడు, పాపం. మన గచ్చిబౌలి అద్దాల మేడల్లో పొయ్యి లేదు, కట్టె లేదు, మొహమాటం అసలే లేదు. అయినా పొగ మాత్రం మేడ మీద మేడగా లేస్తోంది. మర్యాద కొద్దీ కాదండీ, లెక్క కొద్దీ. ఉన్నవాణ్ణి పొమ్మంటే చట్టం అడ్డు తగులుతుంది: నెల రోజుల నోటీసు ఇవ్వు, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం కట్టు అంటుంది. అదే వాడంతట వాడే పోతే? ఒక కేకు ముక్కతో సరి.

మా మేనల్లుడికి కేకు కూడా పెట్టలేదు.

ముందు వాణ్ణి ప్రాజెక్టులోంచి తీసి బెంచి మీద కూర్చోబెట్టారు. రెండు నెలల తర్వాత, పని చేయడం లేదేమని అడిగారు. ఆపైన ‘పిప్’ అన్నారు. పనితీరు మెరుగుపరిచే పథకమట. ఊపిరాడకుండా పొగ పెట్టి, ‘ఇంత దగ్గుతున్నావేం, నీ ఆరోగ్యం బాగుచేద్దాం’ అనడమే ఈ పథకం. నిరుడు ఇదే మేనేజరు వీడికి ఉత్తమ ఉద్యోగి అని కప్పు ఇచ్చాడు. ఆ కప్పులోనే ఇప్పుడు మా అక్క కాఫీ పొడి పోసుకుంటోంది.

ఆఖరి రోజు ఉదయం 11 గంటలకు టీ తాగి వచ్చేసరికి గేటు దగ్గర కార్డు పనిచేయలేదు. సెక్యూరిటీ అతను రోజూ చూసే మొహమే కదా అని, విజిటర్స్ రిజిస్టరులో పేరు రాయించుకుని లోపలికి పంపాడు. ఈ చిన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం మూడింటికి హెచ్ఆర్ అమ్మాయి పిలిచింది. వీడికంటే నాలుగేళ్లు చిన్నది.

“ఇది పూర్తిగా మీ నిర్ణయమండీ. మీరేం నిర్ణయించుకున్నా కంపెనీ గౌరవిస్తుంది. కాకపోతే నాలుగింటిలోపు నిర్ణయించుకోండి.”

“రాజీనామా ఎందుకు చేస్తున్నానని రాయమంటారు?”

“వ్యక్తిగత కారణాలని రాయండి.”

“ఏం వ్యక్తిగత కారణాలు?”

“అది మేం అడగకూడదండీ. వ్యక్తిగతం కదా!”

రాయనంటే? టెర్మినేషన్ అంటారు. రిలీవింగ్ లెటర్ ఉండదు. రేపు ఇంకో కంపెనీ వాకబు చేసినప్పుడు మనవాడి పేరు పక్కన నల్లచుక్క కనబడుతుంది. ఇంటి అప్పు వాయిదా అయిదో తారీఖున బ్యాంకులో కోతకి కాచుకుని ఉంటుంది. ఇన్నీ కలిసి వీడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించాయి. 4.10కి మెయిలు వెళ్లింది. ‘మీ రాజీనామా అందుకున్నందుకు విచారిస్తున్నాం’ అని 4.12కి జవాబొచ్చింది. రెండు నిమిషాల్లో అంత విచారం ఎవరికైనా సాధ్యమా!

ఇదేదో మావాడి ఒక్కడి జాతకం అనుకోకండి. 2017లో టెక్ మహీంద్రా హెచ్ఆర్ ఒక ఉద్యోగితో మాట్లాడిన ఫోను రికార్డు దేశమంతా విన్నది. మర్నాడు ఉదయం పదింటికల్లా రాజీనామా ఇవ్వాలి, లేదంటే తీసేస్తాం. ఆనంద్ మహీంద్రా అంతటివాడు బాహాటంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పరిశ్రమ నేర్చుకున్న పాఠం ఏమిటంటే, మాట్లాడే ముందు అవతలివాడి ఫోను బయట పెట్టించాలని.

“కేసు వేస్తాను మావయ్యా” అన్నాడు వీడు. సరేనని నేను చట్టం తిరగేశాను. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 నాటిది. దాని స్థానంలో 2020 కోడ్ వచ్చి, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. కోర్టు మెట్లెక్కడానికి పాత చట్టం మూడేళ్లు ఇస్తే, కొత్తది రెండేళ్లే ఇచ్చింది. వేగం కోసమట. ఉద్యోగి పరుగెత్తడంలోనే కదా వేగమంతా! ముందు కార్మిక శాఖ అధికారి దగ్గర రాజీ ప్రయత్నం, 45 రోజుల్లో తేలకపోతే ట్రిబ్యునల్.

అయితే ఇవన్నీ ‘కార్మికుడి’కే. కోడింగు చేసేవాడిది సాంకేతిక పని, చట్టంలో ఆ మాట ఉంది. కానీ మావాడి విజిటింగు కార్డు మీద ‘మేనేజర్’ అని ఉంది. చేతికింద ఒక్క పురుగు లేదు, సెలవు చీటీ మీద సంతకం పెట్టే అధికారం లేదు. అయినా మేనేజరే. జీతం పెంచమన్న ప్రతిసారీ పెంచకుండా హోదా పెంచారు. ఎందుకింత ఉదారంగా పంచారో ఇప్పుడు తెలిసింది. కిరీటం పెట్టి కార్మికుల వరసలోంచి గెంటేయడం. కోర్టులు హోదా కాదు, చేసే పని చూస్తాయన్నది ఒక ఊరట. అది రుజువు చేయడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది వేరే సంగతి.

ఫిర్యాదు ఇద్దామని వీడితో కలిసి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కార్మిక శాఖ భవనం మెట్లెక్కుతూ పేరు చూశాను. టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఆల్విన్ కంపెనీలో కూలికి పనిచేసి ముఖ్యమంత్రి అయినవాడు. బేగంపేట విమానాశ్రయంలో పార్టీ పెద్దల చేతిలో పడ్డ అవమానం చాలదన్నట్టు, 1982 ఫిబ్రవరిలో ఢిల్లీ హెచ్ఆర్ పొమ్మంటే కిమ్మనకుండా రాజీనామా రాశాడు. మళ్లీ ఆ కుర్చీ దక్కలేదు. రెండేళ్లకు ఎన్టీఆర్ వంతు వచ్చింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి నాదెండ్ల భాస్కరరావు కుర్చీ తుడుచుకుంటున్నాడు. మెడికల్ లీవు నుంచి వచ్చినవాడి సీటు ఎగరగొట్టడం ఐటీ వాళ్లు కనిపెట్టింది కాదు మరి. ఎన్టీఆర్ రాజీనామా రాయలేదు. గవర్నర్ రామ్‌లాల్ చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆగస్టు 16న పోయిన ఉద్యోగం సెప్టెంబరు 16న తిరిగొచ్చింది. ఈలోగా రామ్‌లాల్ ఉద్యోగమే పోయింది!

“చూశావా, రాసినవాడికి పేరు మీద భవనం, రాయనివాడికి ఉద్యోగం” అన్నాను.

“ఆయన వెనక ఎమ్మెల్యేలున్నారు మావయ్యా. నా వెనక ఈఎమ్ఐ ఉంది” అన్నాడు.

నిజమే. కానీ వీడు ఒక మంచి పని చేశాడు. ఆ రాత్రే సొంత మెయిలు నుంచి ఇంకో ఉత్తరం పంపాడు: ‘మూడింటి మీటింగులో మీరు గంట గడువు పెట్టి రాయించిన రాజీనామా ఇది. వెనక్కి తీసుకుంటున్నాను.’ దానికి రెండు నిమిషాల్లో జవాబు రాలేదు. విచారం అయిపోయిందేమో.

కార్మిక శాఖ పెట్టిన జాయింట్ మీటింగుకి కంపెనీ తరఫున లాయరొచ్చాడు. ఫైలు విప్పి, 4.10కి వెళ్లిన మెయిలు తీసి బల్ల మీద పెట్టాడు.

“స్వచ్ఛందంగా వెళ్లిపోయారు సార్. కంపెనీకి ముందుగా ఏమీ తెలియదు.”

మావాడు ఫోనులో ఫొటో చూపించాడు. లోపలికి వచ్చేటప్పుడు ఎందుకో అనుమానమొచ్చి తీసుకున్నాడట. విజిటర్స్ రిజిస్టరు పేజీ. ఉదయం 11.05. వీడి పేరు, ఎంప్లాయీ నంబరు, పక్కన సెక్యూరిటీ అతని గుండ్రటి చేతిరాతలో: ‘కార్డ్ బ్లాక్’.

అధికారి కళ్లజోడు సవరించుకుని ఒకసారి ఫొటో, ఒకసారి మెయిలు చూశాడు.

“సాయంత్రం ఈయన స్వచ్ఛందంగా వెళ్లిపోతారని పొద్దున్నే తెలిసిందన్నమాట” అన్నాడు. “జాతకాలు కూడా మీ హెచ్ఆర్‌లోనే చూస్తారా?”